మరమ్మతు లేని బతుకుకు తొమ్మిది మెట్లు

కూచిపూడి చుట్టుపక్కల ఇల్లూ పొలమూ ఉన్న మనిషికి ఏడాది పొడవునా పనే. ఎండాకాలం కప్పు, తొలకరికి కాలువ, నాట్లకు గట్టు, కార్తీకం దాటితే కోత, ఆ వెంటనే మినుము. ఒకటి ముగిసేలోపు ఇంకొకటి నెత్తిన పడుతుంది. ఈ చాకిరీ అంతా తప్పించుకోవచ్చు. ఏ పనినైనా చూసి ఓర్చుకోలేనివాడే చేస్తాడు. మీరు పక్కవాడికంటే ఒక్కరోజు ఎక్కువ ఓర్చుకుంటే చాలు. మీ సుఖం కోరి రాసిన మెట్లివి. వరసగా ఎక్కండి, ఒక్కటీ దాటవేయకండి.

1. కప్పు జోలికి పోకండి

రోహిణి కార్తెలోనే పెంకులు సర్దించమని ఇంట్లో పెద్దవాళ్ళు పోరుతారు. వినకండి. మనిషి సర్దిన పెంకును కోతి మళ్ళీ జరుపుతుంది. కోతికి ఖాళీ ఎక్కువ, కాబట్టి పందెంలో మీరు నెగ్గలేరు. పామర్రు వెళ్ళి ఒక నీలం బరకం కొని, కప్పు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టండి. ఇంటికి ఒక్క బరకం చాలు, రెండోది దుబారా.

గోడ మీద చెదల మట్టిగీత కనిపిస్తే దాని మీద క్యాలెండరు తగిలించండి. గీత పెరుగుతుంది గనక ఏటా కాస్త పెద్ద క్యాలెండరు తెచ్చుకోండి. వాసం దాకా చెద ఎక్కితే తల ఎత్తి చూడటం మానేయండి, మెడకూ మంచిది.

2. కాలువను కృష్ణమ్మకే వదిలేయండి

వేసవిలో డెల్టా కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసుకోవాలని కొందరు పారలు పట్టుకుని బయలుదేరతారు. బెజవాడ దగ్గర 1855 నాటికే ఆనకట్ట పడింది. అది 1952లో తెగితే, 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. పదమూడు లక్షల ఎకరాలకు నీళ్ళిచ్చే ఏర్పాటు అది. అంత చేసినవాళ్ళు మీ చేని ముందు బోదెను మరిచిపోతారా? "రా అబ్బాయ్, అందరం తలో చెయ్యీ వేద్దాం" అని పిలిస్తే "నడుం పట్టేసింది బాబాయ్" అనండి. కూర్చున్నచోటు నుంచి లేవకుండా అనండి, నమ్ముతారు.

1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. ఇది మీకు చాలా ఉపకారం. సంఘం వాళ్ళు అడిగితే కాలువ సర్కారుదనండి. సర్కారు మనిషి అడిగితే సంఘానిదనండి. ఇద్దరూ కలిసి వస్తే పెరటి దారిన వెళ్ళిపోండి.

మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే పొడుగు కర్రతో కింది చేను వైపుకు తోసేయండి. పైచేను రైతు తోసింది మీ దగ్గరికొస్తే దాన్నీ కిందికే సాగనంపండి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. ఇక ముందు మీ చేను ఎప్పుడు మునిగినా, మోకాలి లోతు వానకు మునిగినా, ఆ అంకె చెప్పండి. అది విన్నవాడు మీ మురుగు కాలువ సంగతి ఎత్తడు.

3. గట్టులోంచి పొలం సంపాదించండి

ఎకరం కొనాలంటే లక్షలు. సరిహద్దు గట్టు మాత్రం ఉచితం. ఏటా దమ్ముకు ముందు, తెల్లవారకముందే, మీ వైపు నుంచి బెత్తెడు చెక్కండి. అవతలి రైతు కూడా చెక్కుతున్నాడని తెలిస్తే రెండు బెత్తెలు చెక్కండి. మనిషి నడవలేనంత సన్నబడ్డాక మీ చేను చూసి సలహా చెప్పడానికి ఎవడూ రాలేడు.

గట్టుకు ఎలుక కలుగు పడితే పూడ్చకండి. అది డబ్బు పెట్టకుండా వచ్చిన తూము. ఎరువు చల్లిన మర్నాడు గట్టు తెగితే ఇంకా మేలు. మీ యూరియా కింది చేనికి చేరుతుంది. "నా యూరియా తిని పెరిగిన పైరు, సగం నాది" అని అతనితో తగువు పెట్టుకోండి. తగువు సాగినంత కాలం గట్టు ఎవరు వేయాలన్న ప్రశ్న రాదు.

4. పైరును నల్లబడేలా మేపండి

నాట్లప్పుడు రెండు మీటర్లకొకటి, ఇరవై సెంటీమీటర్ల వెడల్పున కాలిబాటలు తీయమంటారు. గాలీ వెలుతురూ తగిలి సుడిదోమ తగ్గుతుందట. లెక్క చూడండి, దగ్గర దగ్గర పదో వంతు నేల గాలికి కౌలుకిచ్చినట్టే. ఒక్క అంగుళం వదలకండి.

యూరియాను మూడు దఫాలుగా వేయమంటే మూడుసార్లు బురదలో దిగాలి. అంతా ఒకేసారి చల్లేయండి. పైరు నల్లగా మారి, రోడ్డు మీద పోయేవాళ్ళు బండి ఆపి చూస్తారు. సుడిదోమ కూడా ఆగుతుంది. దోమ మీ చేను ఎంచుకుందంటే ఊళ్ళో మీ చేనే బాగుందన్నమాట. సుళ్ళు సుళ్ళుగా ఎండిపోయినచోట కోత ఖర్చు లేదు.

మందు కొట్టక తప్పకపోతే ఆకుల పైపైన కొట్టండి. దోమ ఉండేది మొదళ్ళలో, నీటికి కాస్త పైన. అక్కడికి కొట్టాలంటే వంగాలి, దుబ్బులు పాయ తీయాలి. మొన్న నడుం పట్టేసిందని చెప్పిన మనిషి వంగితే ఊరంతా అనుమానిస్తుంది.

5. ఎలుకల దగ్గర మర్యాద పాటించండి

ఎలుకల మందు ఊరంతా ఒకేరోజు పెట్టాలి. తొంభై ఆరు పాళ్ళు నూకలు, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు బ్రొమాడియోలోన్ కలిపి కలుగుల్లో పెడతారు. ఆరోజు మీకు మచిలీపట్నంలో పెళ్ళి ఉందని చెప్పండి. మిగతా చేలల్లోంచి బతికి బయటపడినవి మీ దగ్గరికి చేరతాయి. ఉచితంగా ఇచ్చిన ప్యాకెట్టు మాత్రం వదులుకోకండి. కప్పు కారేచోట భద్రపరచండి. తడిసిపోయిన మందు వాడమని ఎవరూ అడగరు.

ఎలుక బుట్టలు పెట్టేవాళ్ళు వస్తే బేరం మొదలెట్టండి. వాళ్ళు దిగితే మీరూ దిగండి. ఆ బేరాన్ని సంక్రాంతి దాకా సాగదీయండి. అప్పటికి పంట ఎలుకల కలుగుల్లోనూ ఉండదు, మీ ఇంట్లోనూ ఉండదు. లెక్క సరిపోయింది.

6. గేదెను సూది నుంచి కాపాడండి

గాలికుంటు టీకా ఏడాదికి రెండుసార్లు, ఉచితంగా, ఇంటి ముందుకే వచ్చి వేస్తారు. ఉచితంగా ఇచ్చేదాని మీద నమ్మకం పెట్టుకోకండి. సూది వేస్తే పాలు తగ్గుతాయని ధైర్యంగా ప్రకటించి, గేదెను తూర్పు చేలకు తోలేయండి. నోట్లో పుండ్లు లేచి, గిట్టలు చీలి, గేదె మేత మానేశాక గడ్డివాము అలాగే మిగులుతుంది. పాలు పూర్తిగా పోతే తెల్లవారి నాలుగింటికి లేచే బాధ పోతుంది. సావిడిలో పేడ ఎత్తేది వారానికోసారి అనుకున్నది, పండక్కొకసారికి దిగుతుంది.

7. కోతలో తుపానును నమ్ముకోండి

నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండం కబురు రాగానే కొందరు హడావిడిగా కోసి, ధాన్యం రోడ్ల మీద ఆరబోసి, తేమ పదిహేడు శాతానికి దించాలని రాత్రింబవళ్ళు కాపలా కాస్తారు. 2025-26కు ఏ-గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలు 2,389 రూపాయలు. డెబ్బై ఐదు కిలోల బస్తాకు దాదాపు 1,792. ఆ డబ్బు కోసం అంత అవస్థ వద్దు. మిషన్ దిగిన పచ్చి ధాన్యాన్ని అలాగే రాశి పోయండి. కప్పడానికి బరకం ఇంటి మీద ఉంది, దాన్ని కదిలిస్తే ఇల్లు కారుతుంది. ఇల్లు ముఖ్యమా, రాశి ముఖ్యమా అని గట్టిగా వాదించండి. వాదన ముగిసేలోపు వాన వస్తుంది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వానకు పడిపోయిన సాంబ మసూరి కంకి మీదే మొలకెత్తుతుంది. ఉచితంగా నారు పోసినట్టే అనుకోండి.

నష్టపరిహారం ఎటూ వస్తుంది. ముప్పై మూడు శాతం దాటిన నష్టానికే ఇస్తారు గనక, సగంలో ఆగిపోకుండా పూర్తిగా నష్టపోండి. అయితే ఈ-పంట నమోదుకు రైతు సేవా కేంద్రం దాకా నడవకండి. జాబితాలో పేరు లేనివాడికే జీవితాంతం చెప్పుకోవడానికి ఒక అన్యాయం మిగులుతుంది.

8. మినుముకు పసుపు రంగు రానివ్వండి

మాగాణి మినుముకు ఎకరాకు పదహారు నుంచి పద్దెనిమిది కిలోల విత్తనం కావాలి. కొనకండి. అటక మీద నిరుడు తడిసిన మినుములున్నాయి, అవి చల్లండి. మొలిస్తే మీ తెలివి. మొలవకపోతే నేల పాడైందనండి. నేల ఎదురు చెప్పదు. తెల్లదోమ చేరి ఆకులు పసుప్పచ్చగా మారితే పల్లాకు తెగులని జనం కంగారు పెడతారు. ఆ మొక్కలు పీకేయమంటారు. పసుపు శుభం, ముట్టుకోకండి. పక్క చేలకు కూడా శుభం పాకుతుంది. ఊరంతటికీ పంట పోయినప్పుడు ఒక్కడిదే పోయిందన్న చిన్నతనం ఉండదు.

9. సాకులను కళగా సాధన చేయండి

భామాకలాపంలో సత్యభామ కృష్ణుడికి లేఖ రాసి, మాధవి చేత పంపి, ఎదురుచూస్తుంది. అర్జీ కూడా అలాగే పెట్టాలి. వేరేవాడి చేత రాయించండి, ఇంకొకడి చేత పంపండి, అరుగు మీద కూర్చుని ఎదురుచూడండి. తేదీ వేయకండి, ఏ ఏడాదికైనా పనికొస్తుంది. ఎవరైనా నిలదీస్తే, తానీషా నవాబు కళ కోసం అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకునే ఊరు మనది, పార పట్టడానికి కాదు అనండి. మీ ఇంట్లో ఎవరూ గజ్జె కట్టకపోయినా అనండి.

ఇలా నాలుగేళ్ళు క్రమం తప్పకుండా చేస్తే ఫలితం దక్కుతుంది. ముందు పొలం కౌలుకు పోతుంది. గట్టు లేని చేనికి కౌలుదారు నిలవడు గనక తర్వాత అమ్మకానికి పోతుంది. గేదె పాత బాకీ కింద పోతుంది. ఒక వానరాత్రి దూలం దిగి కప్పు కిందికొస్తుంది, సర్దించాల్సిన పెంకు ఒక్కటీ మిగలదు. చూసుకోవాల్సింది ఏదీ లేని మనిషి మీరు. భయపడకండి, మీరు కోరుకున్నది ఇదే.

అప్పుడు బెజవాడ వెళ్ళి అద్దెకు దిగండి. అక్కడ కప్పు కారితే బాగు చేయించాల్సింది ఇంటి ఓనరు. బాగు చేయిస్తే అద్దె పెంచుతాడు, కాబట్టి కారుతోందని ఆయనకు చెప్పకండి.