ఐపీ కాదు, ఎఫ్‌సీ!

ఈ వారం నుంచి నేను మనిషిని కాను, క్లబ్బును. పేరు వన్ టౌన్ ఎఫ్‌సీ. సొంత మైదానం బ్రాహ్మణ వీధిలో మేడ మీద అద్దె వాటా. యజమాని నేనే. కోచ్, కెప్టెన్, రిఫరీ మాత్రం మా ఆవిడ. ఎర్రకార్డు ఎప్పుడూ ఆవిడ చేతిలోనే ఉంటుంది.

ఈ జ్ఞానోదయం ఎలా అయిందో మీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే మన తెలుగునేల ఫుట్‌బాల్ జట్టు 2025 అక్టోబరులో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. 2019లో పుట్టి, గచ్చిబౌలిలో పెరిగి, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు ఎత్తిన జట్టు, వాటా ఖాళీ చేసినంత సులువుగా సామాను సర్దుకుని రాజధానికి వెళ్లిపోయింది. పేరు కొత్తది, ఊరు కొత్తది. గచ్చిబౌలి గ్యాలరీలో గొంతు చించుకున్న కుర్రాళ్లు ఇక ఎవరి కోసం అరవాలో వాళ్లే తేల్చుకోవాలి.

పేపర్లో అది చదివాక ఇంట్లో ఉన్న ఖాతా పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఇంతకాలం నేను అప్పులపాలయ్యానని బాధపడుతున్నాను. అదంతా అజ్ఞానం. నేను సరిగ్గా రీస్ట్రక్చర్ కాలేదు, అంతే.

నేరుగా కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర మా శెట్టిగారి కొట్టుకి వెళ్లాను. గల్లాపెట్టె వెనక కూర్చుని చిట్టా రాసుకుంటున్నారు.

“రండి మాస్టారూ. పాత పద్దు చాలా పెరిగింది. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది...”

“అది బాకీ కాదు శెట్టిగారూ. క్యాప్ హిట్.”

కళ్లజోడు తీసి చూశారు. విడమర్చి చెప్పాను. అమెరికాలో వాళ్ల ఫుట్‌బాల్ లీగు ఒకటుంది, ఎన్ఎఫ్ఎల్. బంతిని చేత్తో పట్టుకుని పరిగెడుతూ దాన్ని ఫుట్‌బాల్ అంటారు, అది వాళ్లిష్టం. అక్కడ 2025లో ఒక్కో జట్టు జీతాల పద్దు 279.2 మిలియన్ డాలర్లు దాటకూడదన్నారు. దాటకుండానే దాటే దారి కూడా వాళ్లే కనిపెట్టారు. ఆటగాడి ఈ ఏటి జీతాన్ని బోనస్ అని పేరు మార్చేస్తారు. డబ్బు ఇప్పుడే చేతికిచ్చేస్తారు. పద్దును మాత్రం ఐదేళ్ల దాకా పరుచుకుంటూ పోతారు. ఒప్పందంలో అన్నేళ్లు లేవా? వాయిడ్ ఇయర్స్ అని ఉత్తుత్తి ఏళ్లు తగిలిస్తారు. ఆ ఏళ్లలో ఆటగాడు ఆ జట్టులో ఆడడు. లెక్కలో మాత్రం ఉంటాడు.

“కాబట్టి శెట్టిగారూ, పోయిన నెల నేను పట్టుకెళ్లిన కందిపప్పు, పామాయిలు, పాతిక కిలోల బియ్యం బస్తా పోయిన నెలలోనే తిన్నానని మీరు అనుకుంటున్నారు. అకౌంటింగ్ ప్రకారం నేను వాటిని 2030 దాకా తింటాను.”

“ఆఖరి రెండేళ్లూ మీరు నా దగ్గరే సరుకు కొంటారా?”

“కొనను. అవే వాయిడ్ ఇయర్స్.”

శెట్టిగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడే పసుపు పొట్లం కట్టించుకుంటున్న ఓ స్కూలు టీచరుగారు మా మాట విని నవ్వారు. “ఇందులో అమెరికావాడి గొప్పేముందండీ? మా డీఏ అరియర్స్ రిటైరయ్యేటప్పుడు ఇస్తామని మన సచివాలయం జీవో ఇవ్వలేదూ? నాకింకా పన్నెండేళ్ల సర్వీసుంది” అన్నారు. ఉద్యోగులంతా గోల చేస్తే ఆ జీవోను సవరించారనుకోండి. కానీ ఆలోచన చూడండి! ఎన్ఎఫ్ఎల్ బుర్రలన్నీ కలిసి ఐదేళ్లు దాటలేకపోయాయి. మన ఆర్థికశాఖ ఒక్క సంతకంతో పన్నెండేళ్లు దాటింది.

ఇంగ్లండులో చెల్సీ వాళ్లది ఇంకో దారి. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్ అనే ఆటగాణ్ని 10 కోట్ల 68 లక్షల పౌండ్లకు కొన్నారు. ఒప్పందం ఎనిమిదిన్నరేళ్లు. ఖరీదును ఎనిమిదిన్నరతో భాగిస్తే ఏటికి పడేది కొంచెమే. మరీ ఇలా సాగదీస్తున్నారని ఆ ఎండాకాలమే యూరప్ సంఘం యూఈఎఫ్ఏ ఐదేళ్లకు మించి పరచొద్దంది. వన్ టౌన్ ఎఫ్‌సీకి యూఈఎఫ్ఏ ఏం చెబుతుంది? వస్త్రలతలో మా ఆవిడకు కొన్న పట్టుచీర ఖరీదును ఎనిమిదిన్నరేళ్లకు పరిచేశాను.

“అంటే ఎనిమిదిన్నరేళ్ల దాకా ఇంకో చీర లేదనా?” అంది కోచ్.

దానికి జవాబు యూఈఎఫ్ఏ దగ్గర కూడా లేదు.

చెల్సీ వాళ్లు అక్కడితో ఆగలేదు. తమ మైదానం పక్కనున్న రెండు హోటళ్లను తమ సోదర కంపెనీకే 7 కోట్ల 65 లక్షల పౌండ్లకు అమ్మి, వచ్చింది లాభమని పుస్తకంలో రాసుకున్నారు. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ఆ లెక్కన నా స్కూటర్ని మా ఆవిడకు అమ్మాను. మంచి రేటు పలికింది. ఆవిడ పైసా ఇవ్వలేదు, నేను తాళం ఇవ్వలేదు. ఈ త్రైమాసికం మాత్రం క్లబ్బు లాభాల్లో ఉంది.

బార్సిలోనా సంగతి అందరికీ తెలుసు. 2021 ఆగస్టులో జీతాల పరిమితి అడ్డొచ్చి మెస్సీ అంతటివాణ్ని కన్నీళ్లతో పంపించేశారు. మరుసటేడు టీవీ హక్కుల్లో పాతిక శాతాన్ని పాతికేళ్లకు ఒక అమెరికా పెట్టుబడి సంస్థకు అమ్మి కొత్త ఆటగాళ్లను తెచ్చుకున్నారు. నేనూ ఈ కాలమ్ పారితోషికంలో పాతిక శాతాన్ని పాతికేళ్లకు అమ్మకానికి పెట్టాను. ఎడిటరుగారు ఫోన్లో చాలాసేపు నవ్వారు. బేరం ఇంకా తెగలేదు.

శెట్టిగారికి ఇవేవీ కొత్తగా అనిపించినట్టు లేదు. డెడ్ మనీ దగ్గర ఒక్కచోట తలూపారు. డెన్వర్ జట్టు రస్సెల్ విల్సన్ను 2024లో వదిలించుకుంది. అతను పోయినా అతని పద్దు 8 కోట్ల 50 లక్షల డాలర్లు రెండేళ్ల పాటు ఆ జట్టు పుస్తకంలోనే ఉండిపోయింది. “మొండి బాకీ” అన్నారు శెట్టిగారు ఒకే మాట. “మా నాన్నగారి ఆవర్జాలో నాలుగు పేజీలున్నాయి. మనుషులు పోయారు, పద్దులు పోలేదు.”

ఇక అసలు పథకం బయటపెట్టాను.

“శెట్టిగారూ, వచ్చే నెల మా క్లబ్బు బ్యారేజీ దాటి తాడేపల్లికి తరలిపోతోంది. కొత్త పేరు స్పోర్టింగ్ క్లబ్ తాడేపల్లి. ఫ్రాంచైజీ అదే, మనిషిని నేనే, మీసాలు ఇవే. కానీ మీ ఖాతాలో ఉన్నది వన్ టౌన్ ఎఫ్‌సీ. ఆ పేరుతో ఎవరైనా వస్తే తప్పకుండా అడగండి.”

“మా రోజుల్లో దీన్ని ఐపీ పెట్టడం అనేవాళ్లు” అన్నారాయన నింపాదిగా. “పెట్టినవాడు కనీసం కోర్టు మెట్లెక్కేవాడు. బజార్లో తలొంచుకుని నడిచేవాడు. మీరేమో జెర్సీ వేసుకుని నడుస్తానంటున్నారు.” కాసేపాగి అడిగారు. “నాకొకటి చెప్పండి. ఆ అమెరికా ఆటగాడికి డబ్బు ముందే ముట్టిందన్నారు కదా. మన హైదరాబాద్ జట్టు కుర్రాళ్లకు ముట్టిందా?”

నా వేళాకోళం అక్కడ ఆగిపోయింది.

అమెరికావాడి కిటుకులో ఎంత మాయ ఉన్నా ఆటగాడి జేబు ముందు నిండుతుంది, తర్వాత ఏడ్చేది పుస్తకం. మనదగ్గర పుస్తకం శుభ్రంగా ఉంటుంది, ఏడ్చేది ఆటగాడు. ఐఎస్ఎల్‌లో ఏళ్ల తరబడి జీతాల పరిమితి 16.5 కోట్లుగా ఉండేది. అంతకు మించి ఇస్తే నేరం. రాసిచ్చింది ఇవ్వకపోతే? అప్పుడు కాగితాలు పట్టుకుని కమిటీల చుట్టూ తిరగాల్సింది ఆటగాడే.

2023-24 సీజన్లో హైదరాబాద్ ఎఫ్‌సీలో జరిగింది అదే. నెలల తరబడి జీతాల్లేవు. కప్పు గెలిచిన ఏడాది 18 గోల్స్ కొట్టిన ఓగ్‌బెచేకు కూడా బకాయి పెట్టారు. అది ఫిఫా దాకా వెళ్లింది, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే విమానం ఎక్కారు. వాళ్లకు విమానమైనా ఉంది. ఎక్కడికీ పోలేని మన కుర్రాళ్లు మిగిలారు. జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా వారం వారం మైదానంలోకి దిగి, గోల్స్ మీద గోల్స్ ఇచ్చుకుని, సీజన్ మొత్తానికి ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున తేలారు. రెండేళ్ల క్రితం ఛాంపియన్లు! జనం ఆటగాళ్లను చూసి నవ్వారు. నవ్వాల్సింది వాళ్లను చూసి కాదు. ఢిల్లీకి తీసుకెళ్లిన యజమానులు వేరు, ఆనాడు జీతాలు ఎగ్గొట్టినవాళ్లు వేరు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ జీతాలు ఎగ్గొట్టడానికి వీలిచ్చిన రూలు మాత్రం జట్టు ఢిల్లీకి వెళ్లేనాటికీ అదే.

ఇది హైదరాబాద్ ఒక్కదాని గొడవనుకుంటే పొరపాటు. లీగు జరుగుతుందో లేదో తెలియదంటూ 2025 ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన సీనియర్ జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిరవధికంగా నిలిపేసింది. పై సంఘాలు, ప్రసార హక్కులవాళ్లు కొట్లాడుకుంటారు. వాయిదా పడేది మాత్రం బూట్లు కట్టుకునేవాడి జీతం. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్లకు మోకాళ్లు అరిగి ఆట ముగిసిపోయే బతుకులో ఒక ఏడాది పోతే దాన్ని ఏ వాయిడ్ ఇయర్లో చూపిస్తారు? ఆటగాడి పేరైనా పేపర్లో పడుతుంది. జెర్సీలు ఉతికేవాడు, కాళ్లకు మర్దన చేసేవాడు, బస్సు నడిపేవాడు ఏ ఫిఫాకి ఫిర్యాదు చేస్తారు?

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ శిక్షణలోనే భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ ఆటగాళ్లు కోటీశ్వరులేం కాదు. ఖాకీ ఉద్యోగులు. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేది, కాబట్టి కళ్లు బంతి మీదుండేవి. డెబ్బై ఏళ్ల తర్వాత మనం ప్రొఫెషనల్ లీగు పెట్టుకుని సాధించిందేమిటంటే ఆ నెల జీతాన్ని పోగొట్టుకోవడం.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలకు ఒక్క మాట. లీగు నడిపే హక్కులకు మీరు 2025 అక్టోబరులో టెండరు పిలిచారు. అలాంటి కాగితాల్లో ప్రసారం, లోగో, ప్రకటన బోర్డుల గురించి పేజీలకు పేజీలు రాసుకోండి, ఎవరూ కాదనరు. వాటితోపాటు ఒక్క షరతు కూడా చేర్చండి. ఆటగాళ్లకు, సిబ్బందికి ఒప్పుకున్న ఏడాది జీతం మొత్తానికి బ్యాంకు గ్యారంటీ పెట్టని క్లబ్బును మైదానంలోకి రానివ్వొద్దు. ఎన్ని కోట్లు మించకూడదో రాసిన చెయ్యే ఎంత తగ్గకూడదో కూడా రాయాలి. పదిహేనేళ్లకు రాసుకున్న పాత హక్కుల ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగిసింది. కొత్తది రాసేటప్పుడైనా ఆ షరతు మరవొద్దు.