‘అప్పుడే చెప్పా’ మామయ్యగారు

ఏప్రిల్ నెలాఖరుకి మా వీధిలో ఆవకాయ జాడీలతో పాటు బయటికొచ్చే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఎవరికి మామయ్యో తెలీదు గానీ అందరికీ మామయ్యగారే. పదో తరగతి ఫలితాలని టీవీలో స్క్రోలింగ్ పడగానే లుంగీ విడిచి ప్యాంటు తొడుగుతారు. జేబులో నాలుగు మడతల కాయితం. వీధిలో పరీక్ష రాసిన పిల్లలందరి హాల్‌టికెట్ నంబర్లూ అందులోనే. ‘మన మిత్ర’ వాట్సాప్‌లో మార్కులు రావడం మొదలయ్యాక, కన్నవాళ్ళకంటే ముందు ఈయనకే తెలుస్తున్నాయి.

“600కి 571 అటగా! లెక్కల్లో 98. ఆ రెండూ ఎక్కడ పోయినట్టు?” అంటూ గుమ్మం ఎక్కుతారు. ఆ రెంటి జాడ తేలేదాకా పిల్లాడికి శుభాకాంక్షలు ఉండవు.

తర్వాత కాఫీ, ఆ తర్వాత గ్రూపు.

“ఎంపీసీ అనుకుంటున్నాం మామయ్యగారూ.”

“బావుంది. కానీ ఇంటర్‌లో 75 శాతం తెచ్చుకోవాలి. జేఈఈ ర్యాంకొక్కటే చూపిస్తే ఎన్‌ఐటీ వాళ్ళు సీటివ్వరు.”

“పోనీ బైపీసీ?”

“నీట్ ఉందిగా! లాంగ్‌టర్మ్‌కి ఇప్పట్నుంచే డబ్బు దాచుకో.”

“పాలిటెక్నిక్ అయితే?”

“శుభ్రంగా మూడేళ్ళు. ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏట కూర్చోవచ్చు. నేనప్పుడే చెప్పా.”

“ఎప్పుడండీ?”

“మీరు వింటే కదా!”

నూజివీడు ట్రిపుల్ ఐటీ మాట ఎత్తితే ఇంకా ప్రమాదం. పది మార్కుల మీదే సీటు, ఆరేళ్ళ చదువు అని నోరూరిస్తారు. పిల్లాడి తండ్రి ముందుకు వంగగానే, “సర్కారు బడి పిల్లలకి స్కోరు కాస్త కలుపుతారు. మీరేమో ఎల్‌కేజీ నుంచీ కాన్వెంటుకి పంపారాయె!” అని నిట్టూరుస్తారు. పదేళ్ళు కట్టిన ఫీజులు ఆ తండ్రి కళ్ళముందు గిర్రున తిరుగుతాయి.

కాయితాల విషయంలో మాత్రం ఆయన ఎవర్నీ నమ్మరు. టీసీ, స్టడీ, కులం, ఆదాయం, ఒక్కోదానికి పది జిరాక్సులు తీయించాలి. మెమో చేతికొస్తే కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాయితాన్ని ముక్కుదాకా తెచ్చుకుని ఇంటిపేరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. “పుట్టినతేదీ సరిచూసుకోమ్మా. రేపు పాస్‌పోర్టుకెళ్తే ఇందులో ఉన్నదే పుట్టినరోజు. కన్నదాన్ని నేనేనంటే చెల్లదు.”

పెళ్ళి సంబంధాల్లోనూ ఇదే తూకం. “కుర్రాడు అమెరికాలో ఉంటే ఉన్నాడు గానీ, పదిలో సోషల్ రెండోసారికి గట్టెక్కాడు” అని పెళ్ళికూతురి తండ్రి చెవిలో ఊదుతారు.

ఇన్ని చెప్పాను గానీ, పరీక్ష పోయిన ఇంటికి ముందుగా వెళ్ళేదీ ఆయనే. మొన్నటి ఫలితాలప్పుడు చివరింటి కుర్రాడికి హిందీ పోయింది. ఆ గుమ్మం ముందు నుంచి వెళ్ళేవాళ్ళంతా ఫోన్లు చూసుకుంటూ పోతుంటే, ఈయన తిన్నగా లోపలికెళ్ళి పీట లాక్కున్నారు.

“హిందీకి 35 కూడా అక్కర్లేదు కదరా, 20 చాలు! ఎన్నొచ్చాయి?”

“17.”

“మూడు మార్కులకా ఇంత ఏడుపు? మేలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. గట్టెక్కావంటే ఈ ఏడే ఇంటర్‌లో చేరతావు. ఏడాదేమీ పోదు.”

ఏడుస్తున్న తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని, ఫీజుకి ఆఖరి తేదీ ఎప్పుడని అడిగింది. జేబులోంచి నాలుగు మడతల కాయితం బయటికొచ్చింది. వెనకవైపు తేదీ రాసే ఉంది. ఎవరికోసం రాసుకున్నారో ఆయనా చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

జూన్‌లో ఆ కుర్రాడికి హిందీలో 62 వచ్చాయి. తల్లి మిఠాయి పళ్ళెం చేతికిచ్చింది. మామయ్యగారు లడ్డూ తుంచి నోట్లో వేసుకుని వాడివంక గుర్రుగా చూశారు.

“17 నుంచి 62! అంటే మార్చిలో పరీక్ష హాల్లో నిద్రపోయావన్నమాట.”