అడుగున వేసే పేరు

చిలకలూరిపేటలో పెళ్లి శుభలేఖలు, పత్తి కమీషన్ కొట్ల బిల్లుపుస్తకాలు, శివరాత్రికి కోటప్పకొండ కదిలే ప్రభల కరపత్రాలు అచ్చేసిన పాత ట్రెడిల్ అచ్చుయంత్రం చెబుతున్న సొంత కథ ఇది.

కాలితో తొక్కితే చక్రం తిరిగేది. రోలర్లు దొర్లి సీసం అక్షరాలకు ఇంకు పూసేవి. కంపోజిటరు ఎడమచేత స్టిక్కు పట్టుకుని, కేసు గళ్లలోంచి అక్షరాలు, వత్తులు ఏరి తలకిందులుగా పేర్చేవాడు. ఎంత చిన్న కరపత్రమైనా అడుగున ప్రెస్సు పేరు, ఊరు పేరు పడాల్సిందే. అవి లేకుండా ఫారం ఈ ట్రెడిల్ ఎక్కలేదు.

అది మర్యాద కోసం వేసే పేరు కాదు. 1867 నాటి చట్టం ప్రకారం ప్రెస్సు పెట్టేవాడు మేజిస్ట్రేటు ఎదుట డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉండేది, అచ్చేసిన కాగితం మీద తన పేరు వేయాల్సి ఉండేది. రాసినవాడు దొరక్కపోయినా అచ్చేసినవాడు చేతికి చిక్కేవాడు.

ఈ పట్టు అంతకుముందే మొదలైంది. 1780లో కలకత్తాలో బెంగాల్ గెజిట్ పెట్టిన హిక్కీ, గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ మీద ఘాటుగా రాశాడు. హేస్టింగ్స్ పరువునష్టం కేసులు వేశాడు. విచారించిన ప్రధాన న్యాయమూర్తి ఇంపీ హేస్టింగ్స్‌కు బడి స్నేహితుడే! అయినా జ్యూరీ ఒక కేసులో హిక్కీని నిర్దోషిగా వదిలింది. మిగతా వాటిలో శిక్ష పడినా అతను జైల్లోంచే పత్రిక నడిపాడు. 1782లో టైపులు జప్తు చేశాకే అది ఆగింది. అక్షరాలు ఎత్తుకుపోతే తప్ప ఆగని పత్రిక అది. ఆ మాట తలచుకుంటే ఈ ట్రెడిల్‌కు ఇప్పటికీ గర్వమే.

తెలుగునాట ఆ వంతు గాడిచర్ల హరిసర్వోత్తమరావుది. 1908లో బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపారు. తిరునల్వేలిలో పోలీసులు జరిపిన కాల్పుల మీద రాసినందుకు రాజద్రోహం మోపారు. మొదట పడింది ఆరు నెలల శిక్ష. సర్కారుకు అది చాల్లేదు. అప్పీలుకెళ్లి మూడేళ్లు చేయించింది. ప్రచురణకర్త బోడి నారాయణరావుకూ జైలు తప్పలేదు. అదే ఏడాది బొంబాయిలో తిలక్‌కు ఆరేళ్లు పడ్డాయి.

1910 ప్రెస్ చట్టంతో యంత్రాల వంతు వచ్చింది. కొత్త ప్రెస్సు కనీసం 500 రూపాయలు డిపాజిట్ కట్టాలి. సర్కారుకు గిట్టనిది వేస్తే ఆ డబ్బు పోయేది. డిపాజిట్ మళ్లీ కట్టి మళ్లీ వేస్తే ప్రెస్సునే జప్తు చేయొచ్చు. చిన్న ఊళ్లో అరువు మీద నడిచే ప్రెస్సుకు అంతకన్నా పెద్ద బెదిరింపు ఏముంటుంది?

ఆ చట్టం 1922లో పోయింది. 1867 చట్టం స్థానంలో 2023లో కొత్తది తెచ్చారు. పరువునష్టం మాత్రం ఇంకా నేరమే. అది నేరంగా ఉండటాన్ని 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. రాసింది నిజమైతే చాలదు, ప్రజల మేలు కోసం రాసినట్టూ చూపాలి. పత్తి కాటాలో మోసం జరుగుతోందని ఓ రైతు కరపత్రం వేయమంటే, ప్రెస్సు యజమాని కాగితం చదవకముందే అడుగుతాడు: కింద ఎవరి పేరు వేయాలి?