మైకు పద్యానికి టీకా తాత్పర్యం

మైకు పెట్టినాను మా సారు వినడాయె
గొంతు చించుకున్న కూత సున్న
గీత యెగురుచుండ కీచైన రాదేమి
కుడిని దించి యెడమ గొలువుమయ్య

అవతారిక: విద్వద్గద్వాల అని పేరుపడ్డ సీమ చుట్టుపక్కల పద్యానికి కరువు లేదు, వ్యాఖ్యకు అసలే లేదు. సురభి మాధవరాయల చంద్రికాపరిణయ ప్రబంధం మామూలు పాఠకుడికి కొరుకుడు పడదని గ్రహించి, వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి దానికి శరదాగమ వ్యాఖ్య రాశారు. కాలం మారింది. సంస్థానాలు పోయాయి, వనపర్తి రాజభవనం పాలిటెక్నిక్ అయింది, 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ పాలమూరు నుంచి వేరుపడి జిల్లాలయ్యాయి. సభ తెర మీదికి మారింది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో లినక్సు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఓ వనపర్తి కుర్రవాడు ఆర్తితో చెప్పినట్టుగా కల్పించిన పద్యమిది. నాలుగో పాదం అతనిది కాదు, అశరీరవాణిది.

ప్రతిపదార్థం: మైకు = కెమెరా పక్కన సూదిబెజ్జమంత కంత వెనుక దాగినది; పెట్టినాను = ఆన్ చేశాను (అనుకున్నాను అని శేషం); మా సారు = ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి; వినడాయె = వినకపోయెను; గొంతు చించుకున్న = "ఇనవడ్తుందా సార్, ఇనవడ్తుందా" అని వాడకట్టంతా ఉలిక్కిపడేలా అరచినను; కూత = అవతలికి చేరిన ధ్వని; సున్న = శూన్యం. ఇది అతిశయోక్తి కాదు, అచ్చమైన కూడిక. గీత = ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో రికార్డు చేస్తే కనబడే అలల రేఖ; యెగురుచుండ = మాట పలికినప్పుడల్లా లేచి పడుచుండగా; కీచైన = కీచుమను చప్పుడైనను; రాదేమి = రాకపోవుటకు కారణమేమి?

అలంకారం విశేషోక్తి. కారణం నిండుగా ఉన్నా కార్యం పుట్టలేదు. కుడి ఎడమలలో రాజకీయార్థం వెదకరాదు.

పూర్వపక్షులు నలుగురు. "మైకు చెడింది, కొత్తది కొను" అన్నవాడిని మూడో పాదమే ఖండిస్తున్నది. చెడిన మైకుకు గీత ఎగరదు. "ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్4 నొక్కు, క్యాప్చర్ ఆగి ఉంటుంది, స్పేస్ కొడితే వస్తుంది" అన్నవాడు పండితుడే, చాలా ఇళ్లలో ఆ మాటే ఫలిస్తుంది. ఇక్కడ అదీ గీత ముందు నిలవదు. "బ్రౌజర్‌కు మైకు అనుమతి ఇచ్చావా?" అని మూడోవాడు. ఇచ్చాడు. "విండోస్ వేసుకో" అని నాలుగోవాడు. ఇది వాదం కాదు, శాపం, సమాధానం అక్కరలేదు.

సిద్ధాంతం: ఆడాసిటీలో ఆ గీతను బాగా పెద్దది చేసి చూడాలి. గీత ఒకటి కాదు, రెండు: పైది ఎడమ చానెల్, కిందిది కుడి. ఎడమ గీత మెట్ట ఎక్కిన చోటే కుడి గీత గుంటలో దిగుతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి మైకు గొంతు ఒకటే అయినా రెండు చానెళ్లకు ఇలా తలకిందులుగా చేరుతుంది. రికార్డు చేసి వింటే రెండు చెవులకూ వేరువేరుగా అందుతుంది కనుక మాట వినబడుతుంది, కుర్రవాడు మైకు బాగుందని పొంగిపోతాడు. కాల్ చేసే ప్రోగ్రామ్‌కు స్టీరియోతో పనిలేదు, రెండింటినీ కలిపి మోనో చేస్తుంది. ఎడమ వెయ్యి, కుడి మైనస్ వెయ్యి, కలిపితే ఏముంది? ఒకే తలుపును ఇద్దరు అటొకరు ఇటొకరు సమానంగా తోసినట్టే. ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా కొట్టివేత. గొంతు చించుకోవడం దండగ అని కవి హృదయం.

ఇక నాలుగో పాదం. పావుకంట్రోల్ అనే ధ్వని మీటల ప్రోగ్రామ్ తెరిచి, ఇన్‌పుట్ డివైసెస్ ట్యాబ్‌లో మైకు పక్కనున్న తాళం బొమ్మ నొక్కితే రెండు చానెళ్లూ విడిపోతాయి. అప్పుడు కుడి మీటను సున్నాకు దించి, ఎడమను ఉన్నచోటే ఉంచాలి. దించి అన్న క్త్వార్థకం వల్ల క్రమం తెలుస్తున్నది: ముందు తాళం తీయక కుడిని లాగితే ఎడమ కూడా వెంట దిగిపోతుంది, మళ్లీ శూన్యమే.

పావుకంట్రోల్ పల్స్ ఆడియో కాలంది కదా, నా ల్యాప్‌టాప్‌లో పైప్‌వైర్ ఉన్నదే అని శంకించనక్కరలేదు. లినక్సు ధ్వనిశాస్త్రంలో ఆల్సా సూత్రం, 2004లో మొదలైన పల్స్ ఆడియో వార్తికం, విమ్ టేమన్స్ పైప్‌వైర్ భాష్యం. 2021లో ఫెడోరా 34, మరుసటేడు ఉబుంటు 22.10 ఈ భాష్యాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. భాష్యకారుడు వార్తికకారుడి భాషలోనే బదులిస్తాడు. పాత పనిముట్టు చక్కగా పనిచేస్తుంది.

పాఠాంతరం: "బ్లూటూతు పెట్టినాను" అని కొన్ని ప్రతుల్లో. మొదట గణభంగం. పైగా ధ్వనిభంగం: పాటకు పనికొచ్చే ఏటూడీపీ ప్రొఫైల్‌లో మామూలుగా మైకుకు చోటులేదు, మైకు కావాలంటే హెడ్‌సెట్ ప్రొఫైల్‌కు మారాలి, అందులో గొంతు సాధారణంగా సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలకు కుదించుకుపోయి, నీళ్లట్యాంకులోంచి పలికినట్టు వస్తుంది. వైరు హెడ్‌సెట్ పాఠమే గ్రాహ్యం. జాక్‌లో గుచ్చాక అదే ట్యాబ్‌లో పోర్టు హెడ్‌సెట్ మైకుకు మారిందో లేదో చూసుకొని, కుడి మీటను పైకి జరుపుకోవాలి. ఆ వైరుకు ఎడమ కుడి పేచీ లేదు.