లాహోర్ నుంచి పటాన్‌చెరు దాకా

1999 మే నెల. పటాన్‌చెరులో మా ఇంటి సెకండ్ హ్యాండ్ 486 కంప్యూటర్ పొద్దున్నే మొండికేసింది. నల్ల తెర మీద ‘నాన్-సిస్టమ్ డిస్క్’ అని ఓ గోల. మార్చి, ఏదైనా మీట నొక్కమంది. ఏం మార్చాలో చెప్పలేదు. నేను కుర్చీ మార్చాను.

నెల కిందటే, ఏప్రిల్ 26న, చెర్నోబిల్ వైరస్ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లను ముంచేసిందని పేపర్లో చదివి ఉన్నాం. ఇక రోగమేంటో తేల్చడానికి ఎంతసేపు?

పక్కింటి అంకుల్ పాశమైలారంలో మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జ్. మందు చేసేవాడికి రోగం తెలీదా అని మా ఇంట్లో నమ్మకం. ఆయన తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“బూట్ సెక్టర్‌కు పట్టింది బేటా. డిస్కు మొదట్లో 512 బైట్ల జాగ. స్విచ్ ఎయ్యంగనే మిషన్ చదివేది అదే. వైరస్ పోయి ఆడ కూసుంటది.”

“గీ కంపెనీల గాలికి మనుషులే ఆగమైతున్నరు, గిదెంత?” అంది నానమ్మ. నక్కవాగు నీళ్ల రంగు చూసిన మనిషి, ఆమె అనుమానాన్ని కొట్టిపారేయలేం.

“గాలి కాదమ్మా, లాహోర్” అన్నాడు అంకుల్. 1986లో అక్కడి అన్నదమ్ములిద్దరు ‘బ్రెయిన్’ అనే వైరస్ రాసి, అందులోనే తమ పేర్లు, అడ్రసు, ఫోన్ నంబర్లు పెట్టారట. ఇంత మర్యాదస్తులైన దొంగలు మా బస్తీలో కూడా లేరు.

“నంబరు గూడ రాసిన్రా? మరి ఫోన్ జేసి అడుగుండ్రి!” అంది నానమ్మ.

ఐఎస్‌డీ ఖర్చుకు జడిసి సంగారెడ్డి నుంచి మెకానిక్‌ను పిలిపించాం. బ్యాగు విప్పలేదు, స్క్రూడ్రైవర్ తీయలేదు. డబ్బా ముందున్న చిన్న బటన్ నొక్కాడు. టక్కున నా బయోడేటా ఫ్లాపీ బయటికొచ్చింది. రాత్రి తీయడం మరిచిపోయింది నేనే. మా మిషన్ ‘సి’ కంటే ముందు ‘ఎ’ డ్రైవ్‌లోకి తొంగిచూసేది. అక్కడ నా విద్యార్హతలు తప్ప నడిపించే సరుకేం లేదు.

“ఇందుల వైరస్ ఉంటె మాత్రం ఇట్లనే లోపలికి పోతుండె” అన్నాడతను, వంద తీసుకుంటూ.

“బటన్ ఒత్తితె వందనా?” నానమ్మ గేటుదాకా బేరమాడింది.

ఆ రాత్రి నుంచి పడుకోబోయే ముందు అమ్మ మూడు ప్రశ్నలడిగేది. గ్యాస్ బంద్ చేసినవా? గేటుకు తాళమేసినవా? డబ్బల అట్టముక్క తీసినవా?