ఒక స్నానశాల పద్యం: టీకా తాత్పర్యాలు

మూలమున్నప్పుడే వ్యాఖ్యకు చోటు గనుక, ఆధునిక స్నానశాల రూపరహస్యాన్ని విప్పడానికై ఈ ఆటవెలదిని కల్పించుకోవలసి వచ్చింది.

తెల్ల పలక గోడ తెల్లని తొట్టియు
వంపు గొట్టమందు వారి నిలువ
కంపు వీడె నింట కలిగెను సౌఖ్యము
స్నానశాల మహిమ చాట వశమె!

టీక: తెల్ల పలక గోడ = గాజుపూత పూసి కాల్చిన టైల్స్ అతికిన గోడయు; తెల్లని తొట్టియు = పింగాణీ తొట్టియు (ఇది ఉపలక్షణం, అనగా ఒకదాన్ని పేర్కొని తోటివాటిని కూడా గ్రహింపజేయడం; కావున కమోడ్, వాష్ బేసిన్ సైతం చెప్పినట్లే); వంపు గొట్టమందు = ప్లంబర్లు ట్రాప్ అని పిలిచే వంకర పైపులో; వారి = నీరు; నిలువన్ = నిలిచి ఉండగా; ఇంటన్ = ఇంటియందు; కంపు = దుర్గంధము; వీడెన్ = తొలగెను; సౌఖ్యము = సుఖము; కలిగెను = ఏర్పడెను; స్నానశాల మహిమ = అట్టి గది గొప్పతనమును; చాటన్ వశమె = చెప్ప శక్యమా? కాదనుట.

తాత్పర్యం: గోడలూ తొట్టీ తెల్లగా మెరుస్తుండగా, వంపు గొట్టంలో నీరు నిలిచినందువల్ల ఇంట దుర్గంధం పోయి సుఖం కలిగిందని భావం.

విశేషాలు: కంటికి ముందు కనబడేది తెలుపే అయినా పద్యానికి ప్రాణం రెండవ పాదం. ఇంగ్లండులో సర్ జాన్ హారింగ్టన్ నీటితో కడిగివేసే మరుగుదొడ్డిని 1596లోనే పుస్తకంలో వర్ణించినా అది వాడుకలోకి రాలేదు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు గొట్టాన్ని కిందికి వంచి మళ్లీ పైకి తిప్పి, ఆ వంపులో కొంత నీరు ఎల్లప్పుడూ మిగిలేటట్లు చేసి పేటెంటు పొందాడు. మలినం దిగిపోతుంది, దాని వాసన మాత్రం ఆ నీటిని దాటి ఇంట్లోకి తిరిగి రాలేదు. నెలల తరబడి తాళం పడిన హైదరాబాదు ఫ్లాటులో తలుపు తీయగానే ముక్కు మూసుకోవలసి రావడానికి తరచు కారణం, నేలలోని నహానీ ట్రాప్‌లో నీరు ఆవిరైపోయి ద్వితీయ పాదం నిరర్థకం కావడమే; టైల్స్ ఎంత ఖరీదైనవైనా అప్పుడు రెండు చెంబుల నీళ్లు పోయక తప్పదు.

ఇక తెలుపు కేవలం అభిరుచి అన్నది పూర్వపక్షం, అనగా ఖండించడానికై ముందుగా ఎత్తుకొనే ఎదుటివారి వాదం. ఇది నిలవదు. విక్టోరియా రాణి కాలపు సంపన్నులు పడకగదినే స్నానాలకు మార్చుకొని, తొట్టిని మహాగని చెక్కలో బిగించి, తివాచీ పరచి, గోడలకు పూల కాగితం అతికించారు. అయితే రోగాలు చెడుగాలి వల్ల పుడతాయని ఆనాటి వైద్యం నమ్మింది. 1858 వేసవిలో థేమ్స్ నది కంపుకు తాళలేక లండన్ పార్లమెంటు భవనంలో బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లలో తడిపిన తెరలు కట్టారు. ఆ పిమ్మటనే ఇంజనీరు జోసెఫ్ బాజల్‌గెట్ పర్యవేక్షణలో మహా మురుగుకాలువల నిర్మాణం మొదలైంది. మురుగు పైపులు ఇంటికి చేరిన కొద్దీ వాటి గాలి గదిలోకి చొరబడుతుందన్న భయమూ చేరింది. దానితో చెక్క పెట్టెలు ఊడదీసి పైపులను బయటికి చూపడం, మురికి దాగే సందు లేని నునుపు పలకలు అతికించడం మర్యాద అయింది. 1880లలో థామస్ ట్వైఫర్డ్ చెక్కతో పనిలేని ఏకఖండ పింగాణీ కమోడ్ తయారుచేశాడు. చెడుగాలి సిద్ధాంతం తప్పని సూక్ష్మజీవుల శాస్త్రం తేల్చినా గది రూపం మారలేదు, ఎందుకంటే సూక్ష్మజీవులకు గిట్టనిదీ ఆ నునుపే. తప్పుడు హేతువు నుండి ఒప్పు ఫలితం పుట్టిన ఇటువంటి ఉదాహరణ తర్కగ్రంథాలలో చేర్చదగినది.

పారిస్ సమీపాన 1931లో పూర్తయిన విల్లా సవాయ్‌లో వాస్తుశిల్పి ల కోర్బూజియే చేతులు కడుగుకొనే బేసిన్‌ను ప్రవేశ మందిరంలోనే బహిరంగంగా నిలబెట్టాడు. దాచవలసిన వస్తువు దర్శనీయం కావడంలో అది పరాకాష్ఠ.

పెరటి చివరన దొడ్డినీ, నీళ్ల గాబు పక్కన స్నానాల గదినీ వేరువేరుగా ఉంచిన తెలుగువారి పాత ఇళ్లకు ఈ పద్యం వర్తించదు. రెంటినీ ఒక కప్పు కిందకు తెచ్చి పడకగదికి అంటగట్టగలగడం కూడా వంపులోని నీటి చలవే.

అలంకారం కావ్యలింగం, అనగా చెప్పిన విషయానికి హేతువును కూడా చూపడం. 1920ల చివర అమెరికా కంపెనీలు రంగురంగుల సామగ్రి అమ్మినందున, మొదటి పాదంలో “తెల్లని” అన్నచోట “గులాబి” అని పాఠాంతరం సూచించేవారు ఉండవచ్చు. యతిభంగం అవుతుంది గనుక అది అగ్రాహ్యం. షోరూములవారికి మాత్రం యతి పట్టింపు లేదు.