ఆ మోత నాది కాదు: ఒక ఎర్తు పైపు ఆత్మకథ

ఆలూరులో ఒక ఇంటి గోడ పక్కన గుంత తవ్వి నిలువునా పాతిన ఎర్తు పైపును నేను. రెండున్నర మీటర్ల పొడవు జీఐ పైపు, ఒంటినిండా బెజ్జాలు, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, పైన నీళ్ళు పోయడానికి గరాటు, దాని మీద సిమెంటు మూత. ఐఎస్ 3043 అనే భారత ప్రమాణంలో నాలాంటి పైపుకు లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లకు, పొడవు 2.5 మీటర్లకు తగ్గకూడదని రాసి ఉంది. నా మెడకు బోల్టు వేసి బిగించిన తీగ మెయిన్ బోర్డు దాకా, అక్కడి నుంచి ప్రతి త్రీపిన్ను సాకెట్టులోని పెద్ద రంధ్రం దాకా పోతుంది. ఫ్రిజ్జు రేకుకో, మోటరు బాడీకో ఫేజు తగిలితే ఆ కరెంటు మనిషి గుండా పోకుండా నా గుండా మట్టిలోకి దిగాలి. నన్ను పాతింది అందుకే. ఈ పనిలో నేను మెలకువగా ఉన్నానో లేదో ఇంట్లోవాళ్ళకు తెలియదు, ఎందుకంటే నా పని సవ్యంగా జరిగినప్పుడు ఏ చప్పుడూ ఉండదు. హోమ్ థియేటర్ వచ్చాక మాత్రం నా పేరు వినబడుతోంది, అదీ నేరస్తుడి పేరులాగా. సినిమాలో మాటలు ఆగిన చోట సబ్ వూఫర్ గుయ్‌మంటుంది. ఎవరో త్రీపిన్నులో పెద్ద పిన్నును విరిచేస్తారు, లేదా టూపిన్ ఎడాప్టరు తగిలిస్తారు. మోత ఆగుతుంది, తప్పు ఎర్తుదేనని తీర్పు అయిపోతుంది. ఆ తీర్పు తప్పని, నన్ను తెంచి మోతను ఆపడం ప్రాణానికి ఉన్న కాపలాను తీసేయడమేనని నేను చెప్పాలనుకుంటున్నాను.

ముందు మోత ఎక్కడిదో చూడాలి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఎర్తు చుట్టు, అంటే రెండు ఎర్తులను కలిపే తీగల్లో కరెంటు పారడం, దాని వల్ల వచ్చే మోతలో ఆ 50 హెర్ట్జ్ లోతైన స్వరమే ముఖ్యం, దాని మీద కొంత గరుకు. సబ్ వూఫర్‌ను చేసిందే సుమారు 20 నుంచి 120 హెర్ట్జ్ దాకా పలకడానికి గనుక, మిగతా స్పీకర్లు మింగేసే ఈ స్వరాన్ని అది గట్టిగా పైకి చెబుతుంది. 100 హెర్ట్జ్ దగ్గర కాస్త కీచుగా బర్రుమనే మోత వేరే జాతిది: ఆంప్లిఫయరు లోపల ఏసీని డీసీగా మార్చే చోట ఫిల్టరు కెపాసిటర్లు ముసలివైపోతే అలా వస్తుంది. దానికీ నాకూ సంబంధం లేదు, నన్ను తెంచినా అది ఆగదు. కాబట్టి మొదటి పరీక్ష ఇది. ఆంప్లిఫయరుకు వచ్చే ఆడియో తీగలన్నీ ఊడదీసి, స్పీకర్లు మాత్రం ఉంచి వినాలి. మోత అలాగే ఉంటే జబ్బు ఆ పెట్టె లోపల. ఆగిపోతే ఒక్కొక్క తీగే తిరిగి తగిలిస్తూ పోవాలి. దేనితో మోత తిరిగి వచ్చిందో ఆ దారిలోనే చుట్టు ఉంది. సబ్ వూఫర్‌కు సొంత ఆంప్లిఫయరు ఉంటే దాన్నీ ఇలాగే విడిగా చూడాలి. వాల్యూం తిప్పుతూ చెవి పెడితే ఇంకో గుర్తు దొరుకుతుంది: వాల్యూంతో పాటు మోత పెరిగితే అది వాల్యూం కంటే ముందు, అంటే వచ్చే తీగల్లోనే చేరింది.

చుట్టు ఎలా పడుతుందంటే, పాటను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మోసే ఆర్‌సీఏ తీగలో లోపల ఒక తీగ, చుట్టూ ఒక జాలి. ఆ జాలి బయటి గోలకు అడ్డు నిలుస్తూనే పాట కరెంటుకు తిరుగుదారి కూడా అవుతుంది. రెండు పనులూ ఒకే లోహానికి అప్పజెప్పడమే అసలు బలహీనత. ఇప్పుడు సబ్ వూఫర్ త్రీపిన్నుతో నాకు తగిలి ఉంది. అటు సెట్ టాప్ బాక్సుకు వచ్చిన కేబుల్ టీవీ వైరు జాలి, వీధిలో ఎక్కడో ఉన్న కేబుల్ ఆంప్లిఫయరు దగ్గర ఇంకో ఎర్తుకు తగిలి ఉంది. ఆ రెండు ఎర్తుల వోల్టేజీ ఒకటి కాదు. నీటి మట్టం తేడాగా ఉన్న రెండు తొట్లను గొట్టంతో కలిపితే నీళ్ళు పారినట్టే, ఆ తేడా కొద్దీ కరెంటు జాలిలో పారుతుంది. పొడవాటి తీగ జాలికి అర ఓమ్ నిరోధం ఉండి, అందులో 10 మిల్లీ ఆంపియర్లు పారితే 5 మిల్లీ వోల్టులు పుడతాయి. అదే తీగలో వచ్చే పాట 300 మిల్లీ వోల్టుల పైచిలుకు. అంటే పాటలో అరవయ్యో వంతు మోత చేరినట్టు. పాట జోరుగా ఉన్నప్పుడు అది మునిగిపోతుంది, గది నిశ్శబ్దంగా ఉంటే తేలుతుంది. ఈ లెక్కలో నా తీగ ఒక కాలు మాత్రమే, కేబుల్ జాలి ఇంకో కాలు, ఆర్‌సీఏ జాలి మూడో కాలు.

ఆలూరు పక్క నేలలో ఈ తేడా పెరగడానికి కారణాలు ఉన్నాయి. నల్లరేగడి తడిసి ఉన్నన్నాళ్ళూ కరెంటుకు మంచి దారి ఇస్తుంది. ముంగారు వానలు పడిన తర్వాత నా అంత సుఖపడే పైపు ఉండదు. అదే మట్టి మార్చి నుంచి ఎండుతూ నెర్రెలు బారుతుంది, కుంచించుకుపోయి నా ఒంటికి ఎడంగా జరుగుతుంది. గాలికి కరెంటు పారదు. ఉప్పూ బొగ్గూ వేసింది చెమ్మను పట్టి ఉంచడానికే. నీళ్ళు పోయకపోతే అవీ ఎండి ఊరుకుంటాయి. ఇక మట్టి నాకొక్కదానికే సొంతం కాదు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్‌కు వేరే ఎర్తు ఉంటుంది. మూడు ఫేజుల మీద ఇళ్ళ భారం సమంగా లేనప్పుడు న్యూట్రల్‌లో కరెంటు పారుతుంది, అందులో కొంత మట్టిని పట్టుకుని వస్తుంది. గుంతకల్లు నుంచి ఆదోని మీదుగా పోయే రైళ్ళకు 25,000 వోల్టుల తీగ ఉంటుంది. ఆ కరెంటు తిరిగి పోయేది పట్టాల వెంట, కొంత నేల వెంట. 1838లోనే స్టైన్‌హైల్ అనే జర్మన్ శాస్త్రవేత్త టెలిగ్రాఫుకు రెండో తీగ బదులు నేలనే వాడుకోవచ్చని చూపించాడు. కాబట్టి నేల అంటే అంతటా సున్నా వోల్టులని అనుకోవడం పుస్తకంలో బొమ్మకు సరిపోతుంది, నిజం నేలకు సరిపోదు. అన్నిటికంటే కీడు చేసేది న్యూట్రల్ తెగినప్పుడు నన్నే న్యూట్రల్‌గా వాడుకునే అలవాటు. ఫేజు ఒక పక్క, నేను ఒక పక్క పెట్టి బల్బులు వెలిగించుకుంటారు. నా నిరోధం 20 ఓమ్‌లు ఉండి 2 ఆంపియర్లు నాలోకి పంపితే నా మీద 40 వోల్టులు నిలుస్తాయి. ఆ ఇంట్లో నాకు తగిలించిన ప్రతి రేకు మీదా అవే 40 వోల్టులు. అప్పుడు సబ్ వూఫర్ మూలిగితే అది పెద్ద ప్రమాదానికి ముందు వచ్చిన హెచ్చరిక అని వినాలి. దాని నోరు మూయడం కాదు చేయాల్సింది.

ఇక వాదనకు వస్తాను. ఎర్తు తీస్తే మోత ఆగింది, ఇంకేం సాక్ష్యం కావాలి అంటారు. చుట్టుగా ఉన్న దారిని ఎక్కడ తెంచినా పారకం ఆగుతుంది. పెద్ద పిన్ను అలాగే ఉంచి కేబుల్ టీవీ వైరు మాత్రం ఊడదీసి చూడండి, మోత అప్పుడూ ఆగుతుంది. ఆ రెండూ ఉంచి ఆర్‌సీఏ తీగ పీకండి, అప్పుడూ ఆగుతుంది. మూడు చోట్లా ఒకే ఫలితం ఇచ్చే పరీక్ష చుట్టు ఉందని రుజువు చేస్తుంది గానీ, మూడింట్లో ఒకదాన్ని వేలెత్తి చూపదు. ఎక్కడ తెంచాలన్నది అప్పుడు వేరే ప్రశ్న అవుతుంది. దానికి జవాబు, ఏది తెంచితే మనిషికి ఏ నష్టమూ లేదో అది. కేబుల్ జాలి తెగితే బొమ్మకు దారి వేరే చూసుకోవచ్చు. నేను తెగితే రేకు మీదికి వచ్చిన 230 వోల్టులకు వేరే దారి మీ ఒళ్ళే.

మరి కొన్ని డీవీడీ ప్లేయర్లు, టీవీలు టూపిన్నుతోనే వస్తున్నాయి కదా, వాటికి లేని ఎర్తు సబ్ వూఫర్‌కు ఎందుకు అని అడగడం న్యాయమైన ప్రశ్నే. ఆ పరికరాల వెనక చదరంలో చదరం గుర్తు ఉంటుంది. లోపల రెండు పొరల ఇన్సులేషన్ పెట్టి, ఒకటి పోయినా ఇంకొకటి కాచేలా కట్టారని దాని అర్థం. త్రీపిన్నుతో వచ్చిన పెట్టెలో ఆ రెండో పొర లేదు, దాని స్థానంలో నన్ను లెక్కలోకి తీసుకున్నారు. పెద్ద పిన్నును పొడవుగా చేసింది కూడా ప్లగ్గు పెట్టేటప్పుడు నేను ముందు తగిలి, తీసేటప్పుడు చివర విడిపోవాలనే. దాన్ని విరిచాక ఆ పెట్టె టూపిన్ను పెట్టె అయిపోదు, రక్షణ లేని త్రీపిన్ను పెట్టె అవుతుంది.

కొంచెం తెలిసినవాళ్ళు ఇంకో మాట అంటారు: ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు ఉంది కదా, కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే చాలు పడిపోతుంది, ఇక ఎండిన గుంతలో ఈ పైపుతో పనేమిటి? ఈ వాదనకు బలం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను. నిజంగానే నా ఒక్కదాని వల్ల ఫ్యూజు పోతుందన్న హామీ ఈ నేలలో లేదు. నిరోధం 20 ఓమ్‌లు ఉంటే 230 వోల్టులకు పారేది 11.5 ఆంపియర్లు, ఫ్యూజు స్థానంలో ఉండే 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవడానికి అది చాలదు. అందుకే ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. కానీ అది కరెంటు పక్కదారి పట్టాకే కదులుతుంది. నేను ఉంటే ఫేజు రేకుకు తగిలిన క్షణంలోనే ఆ పక్కదారి నాలో పడుతుంది. నేను ఎంత ఎండి 500 ఓమ్‌లకు చేరినా 460 మిల్లీ ఆంపియర్లు పారతాయి, స్విచ్చు పడిపోతుంది, గదిలో ఎవరూ లేకపోయినా సరే. నేను లేకపోతే రేకు 230 వోల్టులతో కాచుకుని ఉంటుంది, ఎవరో ముట్టుకుంటేనే ఆ దారి పడుతుంది. ఒంటి నిరోధం 1,500 ఓమ్‌లు అనుకున్నా 150 మిల్లీ ఆంపియర్లు. స్విచ్చు పడేలోపు ఆ దెబ్బ మనిషి తినాలి. స్విచ్చు పాడై మొరాయిస్తే ఇక అడ్డం లేదు. ఎండిన ఎర్తు పనికిరాదన్నది ఫ్యూజు కాలపు మాట. ఆర్‌సీసీబీ పక్కన ఉన్నప్పుడు ఎండిన ఎర్తు కూడా ప్రాణం నిలుపుతుంది.

తెంచాల్సిన చోట తెంచడం కష్టం కూడా కాదు. ముందు టీవీ, ఆంప్లిఫయరు, సబ్ వూఫర్ అన్నీ ఒకే సాకెట్టు నుంచి పంచే బోర్డుకు తగిలించండి. ఇంట్లో రెండు మూలల్లోని ఎర్తు తీగల మధ్య తేడా అక్కడితో తగ్గుతుంది. కేబుల్ వైరే కారణమని తేలితే దాని మధ్యలో జాలిని విడదీసే ఐసోలేటరు పెట్టొచ్చు. టీవీ నుంచి ఆంప్లిఫయరుకు ఆప్టికల్ తీగ వేస్తే పాట వెలుగుగా పోతుంది, లోహం లోహానికి తగలదు. తోషిబా దీన్ని 1983లోనే తెచ్చింది. అయితే ఆ రెండు పెట్టెల మధ్య హెచ్‌డీఎంఐ తీగ కూడా ఉంటే దాని జాలి ద్వారా చుట్టు మళ్ళీ పడుతుందని గుర్తుంచుకోవాలి. ఆర్‌సీఏ తప్పనిసరైతే ఆడియో ట్రాన్స్‌ఫార్మరు ఉంది: రెండు చుట్టల మధ్య అయస్కాంత క్షేత్రం మాత్రమే దాటుతుంది. వీటితో బేస్ తగ్గిపోతుందన్న ఫిర్యాదు చౌక సరుకు విషయంలో నిజమే, చిన్న ఇనప కోరు లోతైన స్వరాలను మోయలేదు. సబ్ వూఫర్ దారిలో పెట్టేటప్పుడు మంచిది కొనాలి, లేదా ఇందాకటి ఐసోలేటరును కేబుల్ దారిలో పెట్టి సబ్ వూఫర్‌ను ముట్టుకోకుండా వదిలేయాలి.

చివరికి, సౌండు కోసం వేరే ఎర్తు కొట్టిస్తామనే మాట. అది నా మీద గౌరవంతోనే అన్నా ఒప్పుకోలేను. రెండు పైపులు, రెండు తడులు, రెండు వోల్టేజీలు. ఉన్న చుట్టు పోకపోగా ఇంకొకటి వస్తుంది. ఎండాకాలం చివర ఉరుములతో వచ్చే వానల్లో పరిస్థితి మరీ దారుణం. దగ్గరలో పిడుగు పడి 10,000 ఆంపియర్లు 10 ఓమ్‌ల ఎర్తులోకి దిగితే ఆ పైపు మీద లక్ష వోల్టులు నిలుస్తాయి. విడిగా ఉన్న ఇంకో పైపు మీద అంత ఉండదు. ఆ తేడా అంతా రెంటినీ కలిపే సన్నటి ఆడియో తీగ మీద, దాని కొసన ఉన్న పెట్టెల మీద పడుతుంది. రెండో గుంత తవ్వించండి, తప్పు లేదు, నాకు తోడు దొరికితే నిరోధం తగ్గుతుంది. కాకపోతే దాన్ని గట్టి జీఐ పట్టీతో నా మెడకు కలిపి బోల్టు బిగించండి, రెండు గుంతల్లోనూ నీళ్ళు పోయండి, మెయిన్ బోర్డుకు మాత్రం ఒక్క తీగే తీసుకెళ్ళండి.